దుబాసి దిగమింగిన గడువు

ఆ ఇంట్లో అత్తగారూ మామగారూ మాట్లాడుకుని చాలా ఏళ్ళైంది. యుద్ధం ఇంకా మొదలవని రోజుల్లోనే మానేశారు. ఎందుకని అడిగితే చెరొక కారణం చెప్తారు, రెండూ నమ్మేటట్టు ఉండవు. మధ్యలో కోడలు. "మీ మామగారికి చెప్పు, ఆ చొక్కా విప్పితే ఉతుకుతాను, లేదంటే దాంతోనే ఊరేగమను" అని వంటగదిలోంచి అత్తగారు అంటే, కోడలు వసారాలోకి వెళ్ళి, "మామయ్యగారూ, అత్తయ్య బట్టలు నానబెడుతున్నారు, చొక్కా ఇస్తారా?" అనేది. "మీ అత్త ఉతికితే మురికి పోదు, చొక్కా పోతుంది" అని ఆయనంటే, వంటగదిలోకి వచ్చి, "రేపిస్తారట అత్తయ్యా" అనేది. ఇల్లు నిలబడింది. ఇందులో అబద్ధమేముంది? మాటకి పైనున్న పొట్టు తీసి లోపలి గింజ అందించడం, అంతే కదా అని ఆవిడ అనుకునేది.

ఈ విద్య ఒకటీ, పుట్టింటి భాష ఒకటీ, ఆవిడని తీసుకెళ్ళి సంధి బల్ల దగ్గర ఒకరి మాట ఇంకొకరికి చెప్పే దుబాసిగా కూర్చోబెట్టాయి.

యుద్ధం ఎలా మొదలైందో చెప్పడమూ ఆ ఇంటి తగాదా చెప్పడం లాంటిదే. ఎక్కడో ఒక చిన్న దేశం మీద ఒక పెద్ద దేశం కన్నెర్రజేసింది. చిన్నదాని వెనక నేనున్నానని ఇంకొకడు ఎప్పుడో సంతకం పెట్టి ఉన్నాడు. వాడి వెనక నేనున్నానని మరొకడు. పెద్దదాని వెనకా అదే వరస. యుద్ధం రాకూడదనే అందరూ పెట్టుకున్న సంతకాలవి. తీరా ఒకడు కాలు దువ్వేసరికి, దొంతిలో కింది కుండ లాగినట్టు సగం భూగోళం దొర్లింది. ఆవిడ పుట్టిల్లు నదికి అవతల, మెట్టినిల్లు ఇవతల. పెళ్ళినాడు అది పడవలో దాటే నది. ఇప్పుడది సరిహద్దు.

ఇన్నేళ్ళకి అందరికీ ఆయాసం వచ్చింది. పెద్ద ఒడంబడిక ఎక్కడో దూరాన, పెద్దవాళ్ళ గదుల్లో తయారవుతోంది. అది తేలేలోగా చేతికందింది లాక్కుందామని ఇక్కడ కిందివాళ్ళు కొట్టుకుంటూనే ఉన్నారు. నది దగ్గర జరుగుతున్నది దాని పిల్ల ఒడంబడిక. అవతలి ఒడ్డున ముట్టడిలో ఇరుక్కుపోయిన ఊళ్ళోంచి మనవైపు గాయపడ్డవాళ్ళనీ, ఆడవాళ్ళనీ, పిల్లల్నీ ఒక రైల్లో వంతెన మీదుగా ఇవతలికి తేవాలి. అది దాటేదాకా ఎవరి ఫిరంగులు ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి. వంతెన శత్రువుల చేతిలో ఉంది.

ఆ రైలు నడిపేది ఆవిడ భర్త. ఖాళీ బండి తీసుకుని అవతలికి వెళ్ళేముందు, బొగ్గు మసి చేతుల్తోనే ఆవిడ చెంప మీద ఒక చార గీసి, "నువ్వు వాళ్ళ నోళ్ళు అదుపులో పెట్టు, నేను బండిని అదుపులో పెడతా. నాది సులువు" అని నవ్వి ఎక్కాడు. సంధి మాటలు మొదలైన మూడో రోజు సాయంత్రం పొద్దుకుంకే వేళకి బండి వంతెన ఎక్కాలి.

సంధి మాటలు జరిగేది మూతబడ్డ సుంకం ఇంట్లో. సరుకుల్ని తూచే హాలు అది. మూలన మనిషెత్తు త్రాసు తుప్పు పట్టి ఒకవైపుకి ఒరిగి ఉంది. రెండు పక్షాలూ ఎవరి బల్ల వాళ్ళు తెచ్చుకుని మధ్యలో జోడించారు. ఒకటి రెండోదానికన్నా వేలెడు ఎత్తు. ఎత్తు బల్ల వాళ్ళది కావడంతో మొదటిరోజు మనవైపు దొర కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. అట్టముక్కలు దోపి పొట్టి బల్లని లేపాక గానీ తిరిగి కూర్చోలేదు.

ఈయనకి దుబాసి మనసులో పెట్టుకున్న పేరు ఇస్త్రీ దొర. ఊళ్ళో సబ్బు దొరక్క జనం బూడిదతో ఉతుక్కుంటుంటే, ఈయన చొక్కా మడత మీద ఈగ వాలితే జారిపడేలా ఉండేది. ఎదుటి పక్షం పెద్ద ముసలివాడు, ప్రతి మాటకీ దగ్గేవాడు. ఆయన దగ్గు దొర. ఆయన పక్కన ఆయన దుబాసి, మాజీ బడిపంతులు. యుద్ధానికి ముందు మన భాషని అక్కడి పిల్లలకి చెప్పి బతికాడట. ఆయన మాస్టారు.

పద్ధతి ఏమిటంటే, ఎవరి దుబాసి వాళ్ళ దొరకి ఎదుటివాడి మాట చెప్పాలి. "విన్నది విన్నట్టు" అని ఇద్దరి చేతా ప్రమాణం చేయించారు. దుబాసులిద్దరికీ రెండు భాషలూ వచ్చు. దొరలిద్దరికీ ఒక్కొక్కటే వచ్చు.

మొదటిరోజే ఇస్త్రీ దొర, "ఈ ముసలాయన ఊపిరుండగా ఈ వ్యవహారం తేలుస్తాడా, లేక దగ్గుతూనే పోతాడా?" అన్నాడు. మాస్టారు గొంతు సవరించుకుని తన దొరతో, "తమ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారు" అన్నాడు. దగ్గు దొర తల వంచి కృతజ్ఞత చూపించాడు. కాసేపటికి ఆయన, "ఈ దుకాణంలో బొమ్మకి బట్టలేనా, బుర్ర కూడా పెట్టారా?" అన్నాడు. మాస్టారి వంక చూడకుండా దుబాసి, "మీ దుస్తుల తీరు మెచ్చుకుంటున్నారు" అంది. ఇస్త్రీ దొర కాలరు సర్దుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ తుడవడంతోనే ఇద్దరి మధ్యా ఒక ఒడంబడిక కుదిరిపోయింది. దానికి సంతకాల్లేవు.

మూడో రోజు పొద్దున్న దగ్గు దొర వచ్చి కూర్చున్నాడు. దగ్గలేదు. ఆ హాల్లో అదొక్కటే కొత్త సంగతి.

"తెల్లారేసరికి మీవాళ్ళు వంతెన ఎదుటి కొండ మీదికి ఫిరంగులు ఎక్కించారు" అన్నాడాయన, మాటమాటకీ మధ్య ఖాళీ ఇస్తూ. "ఎక్కడివక్కడే ఉండాలనుకున్నాం. మాట తప్పింది మీరు. పొద్దుకుంకేలోగా అవి కొండ దిగాలి. దిగకపోతే వంతెన పేల్చేస్తాను. ఆ సమయానికి దాని మీద ఏముందో నేను చూడను."

ఆవిడ ఇస్త్రీ దొర వైపు తిరిగింది. ఆయన అప్పటికే ముఖం చిట్లించుకుని ఉన్నాడు. అట్టముక్క ఎత్తు తేడాకే గుమ్మం దాకా పోయిన మనిషి. ఈ బెదిరింపు ఈయన చెవిన పడితే ఈయన లేస్తాడు. ఈయన లేస్తే సంధి లేస్తుంది. సంధి లేస్తే ఇంజను కిటికీలోంచి తల బయటికి పెట్టి పట్టాల వైపు చూస్తూ వచ్చే మనిషి...

నోరు తనంతట తనే పని చేసింది, ఇంట్లో ఇన్నేళ్ళూ చేసినట్టే.

"కొండ మీద ఫిరంగుల్ని గమనించారట. సాయంత్రానికి వాటిని దింపితే వంతెన విషయంలో వాళ్ళకీ మనశ్శాంతిగా ఉంటుందంటున్నారు."

"మనశ్శాంతా! పాపం" అన్నాడు ఇస్త్రీ దొర, ముఖం విప్పారుతూ. "రేపు చూద్దామని చెప్పు. ఈ పూటకి భోజనం."

మాస్టారు ఒక్క క్షణం ఆవిడ వంక చూశాడు. తరవాత తన దొర వైపు తిరిగి, "ఆలోచించి చెప్తామంటున్నారు" అన్నాడు. ఆ రేపు ఎటు పోయిందో దొరలిద్దరికీ తెలియదు. దగ్గు దొర జేబుగడియారం తీసి బల్ల మీద పెట్టి, "సరే. పొద్దుకుంకేదాకా ఆలోచించుకోమను" అన్నాడు. దాన్ని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

కుర్చీలు కదిలాయి. మనవైపు గదిలో కంచాల చప్పుడు మొదలైంది.

భోజనాలు సాగి సాగి మధ్యాహ్నం వాలింది. పెరట్లో కుళాయి దగ్గర దుబాసి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటుంటే మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డాడు. రెండు పక్షాల వాళ్ళూ వాడుకోవచ్చని ఒప్పుకున్నది ఆ కుళాయి ఒక్కటే.

"నువ్వు మింగావమ్మా" అన్నాడు.

"మీరు మాత్రం మింగలేదా?"

"నేనూ మింగాను. అదే చెప్పబోతున్నా. ఇన్నాళ్ళూ మనం తిట్లు మింగాం, ఎవరికీ అరగకుండా పోలేదు. ఇవాళ నువ్వు గడువు మింగావు. నేను రేపుని మింగాను. అక్కడ మా దొర మీవాళ్ళు ఆలోచిస్తున్నారనుకుంటున్నాడు."

"ఇక్కడ మావాళ్ళు భోంచేస్తున్నారు." ఆవిడ చేతుల్లో నీళ్ళు కారిపోయాయి. "ఊరికే అన్నాడా, నిజంగా పేలుస్తాడా?"

"వంతెన స్తంభాలకి పేలుడు మందు కట్టడం నిన్ననే అయింది. ఆయన దగ్గుతున్నంతసేపూ భయం లేదు. ఇవాళ దగ్గాడా నువ్వే చెప్పు."

"అయితే వెళ్ళి మీ దొరకి చెప్పండి, మావాడికి సంగతే తెలీదని."

"నేను చెప్తే నన్ను గోడకి నిలబెట్టి కాలుస్తారు."

"నాకేం పీట వేస్తారనుకున్నారా?"

మాస్టారు కళ్ళజోడు తీశాడు, తుడవడం మర్చిపోయి మళ్ళీ పెట్టుకున్నాడు. "పెద్దవాణ్ణి, ముందు నేనే వెళ్ళాలి. తెలుసు. కాళ్ళు రావడం లేదమ్మా."

ఎండ అప్పటికే గోడ మీదికి ఎక్కడం మొదలెట్టింది. ఈయన కాళ్ళు వచ్చేదాకా ఆగితే బండి వచ్చేస్తుంది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని మనవాళ్ళ గదిలోకి నడిచింది.

ఇస్త్రీ దొర మెడలో తెల్లగుడ్డ కట్టుకుని తింటున్నాడు. పక్కన ఫిరంగుల అధికారి, కొండ మీదికి వాటిని ఎక్కించిన ఘనుడు, ఎంత చడీచప్పుడు లేకుండా ఎక్కించాడో వర్ణిస్తున్నాడు.

"దొరగారూ, పొద్దున్న నేను మీకు సరిగ్గా చెప్పలేదు" అంది. అని, దగ్గు దొర అన్నది అన్నట్టు అప్పజెప్పింది. చివరి మాట కూడా మింగకుండా చెప్పింది.

ఆయన చెంచా కింద పెట్టాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"అంటే నా ఫిరంగులు కొండ దిగాలి."

"అవునండి."

"శత్రువుకి కావలసింది అదే. నువ్వు చెప్పేదీ అదే. పొద్దున్న ఒక మాట చెప్పావు, కుళాయి దగ్గర వాళ్ళ మనిషితో మాట్లాడొచ్చి ఇప్పుడు ఇంకో మాట చెప్తున్నావు. కిటికీలోంచి కనబడుతుందమ్మా కుళాయి. నీ పుట్టిల్లు ఎటు?"

"అవతలండి."

ఫిరంగుల అధికారి నవ్వాడు. "ఇంకేం మరి! పుట్టింటి మీద మమకారం."

"ఆ బండి నడిపేది నా మొగుడండీ" అంది ఆవిడ, ఆయన వంక చూడకుండా. "పుట్టింటి వాళ్ళు పేల్చేది మా ఆయన్ని. మమకారం ఎటు పెట్టుకోమంటారు?"

"మరి ఎందుకు దాచావు?"

"మీరు లేచి వెళ్ళిపోతారని."

ఇస్త్రీ దొర మెడలో గుడ్డ నెమ్మదిగా విప్పాడు. మడత పెట్టాడు, మూల మూలకి కలిపి. "అయితే మూడు రోజులుగా ఆ ముసలాడు నా బట్టలు మెచ్చుకోలేదన్నమాట."

"లేదండి."

"ఏమన్నాడు?"

"దుకాణంలో బొమ్మ అన్నాడండి. బుర్ర ఉందా అని కూడా."

అధికారి అన్నం పొలమారి దగ్గడం మొదలెట్టాడు. దొర ఆయన వంక చూడగానే దగ్గు ఆగిపోయింది.

"నిన్నెలా నమ్మను?" అన్నాడు దొర. నిజంగానే అడిగాడు, తిట్టినట్టు కాదు.

"నమ్మొద్దండి. మళ్ళీ కూర్చోండి. ఈసారి వాళ్ళ మనిషి చేత మీకు చెప్పించుకోండి. మీ మాట నేను ఆ దొరకి చెప్తాను. ఆయన పొట్టు తీస్తే నేను ఒప్పుకోను, నేను తీస్తే ఆయన ఒప్పుకోడు."

"ఇంతకుముందు మాత్రం ఇద్దరూ విన్నారుగా. ఊరుకున్నారుగా?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. గోడ మీది ఎండ పసుపు రంగుకి తిరిగింది. ఆయన కూడా అటే చూశాడు.

"పిలవండి వాళ్ళని" అన్నాడు.

హాల్లో కుర్చీలు మార్చారు. మాస్టారు ఇవతలికి, ఇస్త్రీ దొర మోచేతి పక్కకి వచ్చి కూర్చున్నాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. దుబాసి అవతలికి వెళ్ళి దగ్గు దొర పక్కన కూర్చుంది. దగ్గరగా చూస్తే ఆయన కాలరు చిరిగి, దారం రంగు కలవకుండా కుట్టి ఉంది. బల్ల మీద గడియారం కొట్టుకుంటోంది.

"పొద్దున్న చెప్పింది మళ్ళీ చెప్పమను" అన్నాడు ఇస్త్రీ దొర.

ఆవిడ చెప్పింది. దగ్గు దొర కనుబొమలు ముడిపడ్డాయి. చెవుడా ఈయనకి అని గొణిగి, అన్నది మళ్ళీ అన్నాడు, అవే మాటలు. ఇప్పుడు మాస్టారి వంతు. ఆయన నోరు తెరిచి మూసుకున్నాడు. దుబాసి బల్లకి అవతల నుంచి ఆయన పెదాల వంకే చూస్తోంది.

"మాట తప్పింది మీరు" అన్నాడు మాస్టారు, బళ్ళో పాఠం చదివినట్టు. "పొద్దుకుంకేలోగా ఫిరంగులు కొండ దిగాలి. దిగకపోతే వంతెన పేల్చేస్తాను. దాని మీద ఏముందో చూడను. తరవాత... తరవాత మీరు రేపు చూద్దామన్నారు. నేను ఆ రేపుని మా దొరకి చెప్పలేదు. అది నా తప్పు."

మాస్టారు తనంతట కలిపిన ఆ చివరి మాటల్నీ దుబాసి దగ్గు దొరకి చెప్పాల్సి వచ్చింది. చెప్పింది. ముసలాయన మాస్టారి వైపు తిరిగి చూసిన చూపుకి మాస్టారు కుర్చీలో చిన్నవాడైపోయాడు.

ఇస్త్రీ దొర లేచాడు. దుబాసి బల్ల అంచు పట్టుకుంది. గుమ్మం వైపు రెండడుగులు వేశాడు, త్రాసు దగ్గర ఆగాడు. అందరూ ఆ ఇస్త్రీ చొక్కా వీపు వంకే చూస్తున్నారు.

"చెప్పు ఆ ముసలి నక్కకి" అన్నాడు తిరక్కుండానే. "మింగావంటే ఈ గది దాటవు. పసిపిల్లలున్న బండిని అడ్డం పెట్టుకుని బేరమాడేవాడు సైనికుడు కాదు, సంతలో దళారి. వాడికి భయపడి నేనేదీ చెయ్యను. ఆ బండిలో నా మనుషులున్నారు కనక దింపుతాను. కానీ అవి దించడం ఎక్కించినంత సులువు కాదు. దారి ఏటవాలు. తొందరపడితే చక్రాలు జారి మనుషుల మీద పడతాయి. పొద్దు మిగల్లేదు. పొద్దుకుంకేసరికి అన్నీ దిగడం ఎవడి తరమూ కాదు. నిజం ఇది. ఏం చేసుకుంటాడో చేసుకోమను."

ఆవిడ చెప్పింది. ముసలి నక్క దగ్గర నాలుక తడబడింది, అయినా చెప్పింది. దళారి అనగానే దగ్గు దొర వెనకున్న సైనికుడి చెయ్యి నడుము మీదికి పోయింది. ఆవిడ ఆగలేదు. ఏటవాలూ, చక్రాలూ, చాలని పొద్దూ, అన్నీ చెప్పి నోరు మూసుకుంది.

దగ్గు దొర బల్ల మీది గడియారం వంక చూశాడు. తరవాత గుండెలు అదిరిపోయేలా, కళ్ళనీళ్ళు కారేలా దగ్గాడు.

"మూడు రోజులుగా తేనె పోస్తున్నాడు, వీడి మాట ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు" అన్నాడు దగ్గు తెరిపిచ్చాక. "దారి ఏటవాలంటున్నాడా? అబద్ధమాడేవాడు చేతకాదని చెప్పుకోడు. మొదటి ఫిరంగి కదిలినప్పుడు దీపం పట్టమను. కిందికి దిగే దీపాలు మావాళ్ళకి వంతెన దగ్గర నుంచి కనబడాలి. అవి దిగుతున్నంతసేపూ వత్తికి నిప్పు పెట్టనివ్వను. ఆగాయా, లేక పైకి కదిలాయా, పెట్టిస్తాను. ఇంకోటి, నా బల్ల ఎత్తుదని అట్టముక్కలు దోపించింది వాడేగా? వాడా నన్ను దళారి అనేది!"

మాస్టారు అంతా చెప్పాడు, అట్టముక్కలతో సహా. ఇస్త్రీ దొర చెవులు ఎర్రబడ్డాయి. ఫిరంగుల అధికారి వైపు తిరిగి, "ఇంకా నిలబడ్డావేం?" అని అరిచాడు. అధికారి పరిగెత్తాడు. అవతలివైపు ఒక సైనికుడు వంతెనకి ఫోను తిప్పడం మొదలెట్టాడు.

ఆ తరవాత చెయ్యడానికేమీ లేదు. అందరూ వసారాలోకి వచ్చి నిలబడ్డారు, ఎవరి వైపు వాళ్ళు. కొండ నల్లబడుతోంది. పైన ఒక దీపం వెలిగింది, కదల్లేదు. దుబాసి స్తంభానికి ఆనుకుంది. వెనకే ఒక సిపాయి, ఆవిడకి కాపలా. ఎవరు పెట్టారో ఆవిడ అడగలేదు. దీపం ఇంకా కదల్లేదు. "చక్రం ఇరుక్కుని ఉంటుంది" అని ఎవరో అన్నారు. "నోర్ముయ్" అన్నాడు ఇస్త్రీ దొర. దగ్గు దొర చేతిలో గడియారం మూత తెరిచి, మూసి, తెరిచి, మూస్తున్నాడు.

దీపం కిందికి ఒక జానెడు జారింది. దాని వెనక ఇంకోటి వెలిగింది.

దూరంగా నది వైపు నుంచి బండి కూత వినబడింది. తన భర్త వేసే కూతే. చివర్లో కొంచెం లాగి వదుల్తాడు, ఎన్నిసార్లు చెప్పినా మానడు. కూత తరవాత వంతెన ఇనుప మోత మొదలవ్వాలి. మొదలైంది. కొండ మీది దీపాల్లో ఒకటి ఆగింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. మోత సాగుతూనే ఉంది, మరీ నెమ్మదిగా. బరువెక్కువైంది కాబోలు. నిలబడైనా సరే అందర్నీ ఎక్కించుకుని ఉంటాడు, వద్దన్నా వినే రకం కాదు. కళ్ళు తెరిచేసరికి దీపం మళ్ళీ కదులుతోంది.

మోత ఆగిపోయింది. అది దాటి ఆగిపోవడమో, దాటకుండా ఆగిపోవడమో తెలియలేదు.

లోపల ఫోను మోగింది. మనవైపు ఫోను. ఇస్త్రీ దొర తనే వెళ్ళి ఎత్తాడు. విన్నాడు. "ఎన్ని పెట్టెలు?" అన్నాడు. విన్నాడు. "చివరిది కూడా?" అన్నాడు. ఆవిడకి ఆ మనిషి పీక అక్కడే నులమాలనిపించింది. ఆయన ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చాడు.

"దాటింది" అన్నాడు.

ఆవిడ స్తంభం వదిలి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రేపటి నుంచి నువ్వు రావద్దు" అన్నాడు దొర. "విచారణ ఉంటుంది. ప్రమాణం చేసి తప్పావు, దానికి నేనేమీ అడ్డురాను." కాసేపాగాడు. "స్టేషను దాకా ఈ సిపాయి దిగబెడతాడు. బండి అక్కడే ఆగుతుంది."

"చిత్తమండి."

వసారాకి అటు చివర మాస్టారు గోడవారన నిలబడి ఉన్నాడు. ఆయనకీ ఒక కాపలా వచ్చేసింది. పక్కన దగ్గు దొర, ఏమైందన్నట్టు ముఖం ఎత్తి ఇటే చూస్తున్నాడు. ఆయన ఫోను ఇంకా మోగలేదు.

"వాళ్ళకి ఎవరు చెప్తారు?" అన్నాడు ఇస్త్రీ దొర విసుగ్గా. "చెప్పి పో. అదే నీ ఆఖరి మాట."

ఆవిడ ముసలాయన దగ్గరికి నడిచింది. పుట్టింటి భాషలో ఆ ఒక్క మాటే చెప్పింది. ఆయన గడియారం మూత మూసి జేబులో పెట్టుకున్నాడు. సిపాయి దగ్గాడు, వెళ్దామన్నట్టు. ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది.